బస్సు మీద నుంచి కనిపించిన దుప్పటి

మూడు రోజుల విహారయాత్రల బస్సు నడిపే కోతల డ్రైవరు పదకొండేళ్ళలో తిరిగిన దూరమంతా ఒకే దారిగా పరిస్తే చందమామ దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, వచ్చేటప్పుడు ఓ పంక్చరు కూడా వేయించుకుని రావచ్చు. ఈ లెక్క ఆయన చెప్పిందే. గ్యారేజీవాళ్ళు ఆయనకు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ఒక రోజు పట్నం, ఒక రోజు పల్లె, ఒక పూట ఇంటిల్లిపాదీ ఆటపాటలు. బస్సు యాత్ర అంటే ఇదే. పట్నంలో గడియారం బురుజు, పల్లెలో సరస్సు ఒడ్డున బస, మూడో రోజు పొద్దున పచ్చికలో ఆటలు, మధ్యాహ్నానికి ఇల్లు. ఈ యాత్ర గురించి ఆయన తన తొమ్మిదేళ్ళ కూతురికి చెప్పని కథ లేదు. కూతురిని పిచ్చుక అని పిలుచుకుంటాడు. బురుజుకి మూడు వందల మెట్లట. పైకెక్కి చూస్తే ఇంత దూరంలో ఉన్న మన డాబా, దాని మీద ఆరేసిన దుప్పటి కనిపిస్తాయట. సరస్సులో చేపలు పడవ వెంట ఈదుతూ ఈయన్ని పలకరిస్తాయట. పిచ్చుక నోరు తెరుచుకుని వినేది. ఆ తెరిచిన నోరు చూస్తే చాలు, ఆయనకు వారం రోజుల అలసట ఎగిరిపోయేది.

అసలు సంగతి వేరు. జనం సామాన్లు బస్సులో ఉన్నంతసేపూ డ్రైవరు బస్సు వదలకూడదు. అది ఆఫీసు నియమం. పదకొండేళ్ళలో ఆయన చూసిన పట్నం, బురుజు వెనక గోడ. చూసిన పల్లె, సరస్సు పక్కనున్న ఒక రేకుల షెడ్డు.

ఇలాంటివన్నీ లోపలికెళ్ళి కళ్ళారా చూసింది ఆయన తోడల్లుడు. కళ్ళద్దాల కొట్లో పనిచేస్తాడు. మూడు నెలలకోసారి సెలవు పెట్టి, పెళ్ళాన్ని తీసుకుని ఏదో ఒక చోటికి వెళ్ళొచ్చి, ఫొటోలతో ఈ ఇంటికొచ్చి కూర్చుంటాడు. "బాబాయ్, ఆ తర్వాత? బాబాయ్, ఇదేంటి?" అంటూ పిచ్చుక అతని మోచేతికి అతుక్కుపోతుంది. నోరు తెరుచుకునే వింటుంది. కోతల డ్రైవరుకి కడుపు రగిలిపోయేది. ఊళ్ళో వాళ్ళందర్నీ తిప్పేది తనైతే, తిరిగినవాడు వీడా!

ఒకసారి ఆ తోడల్లుడు వస్తూనే, "అన్నయ్యా, ఈసారి రెండిళ్ళవాళ్ళం కలిసే వెళ్తున్నాం. టికెట్లు తీసేశా. నీ బస్సే!" అన్నాడు.

"నా బస్సా?"

"నీకు సెలవు గొడవ కూడా లేదుగా!"

అందరూ పకపకా నవ్వారు. పిచ్చుక మాత్రం ఎగిరి గంతేసి, "అయితే మూడొందల మెట్లూ నాన్నే ఎక్కిస్తాడు!" అంది.

బయల్దేరే రోజు పొద్దున భార్య తడి దుప్పటి చేతికిచ్చి, "డాబా మీద ఆరేసి రండి. గాలి ఎక్కువగా ఉంది, క్లిప్పులు మర్చిపోకండి" అంది. ఆయన బుర్ర నిండా మెట్లే. దుప్పటి తీగ మీద విసిరేసి దిగొచ్చాడు.

బస్సులో అద్దం ఉన్నది వెనకవాళ్ళ బాగోగులు చూడటానికి. ఆ రోజు అందులో ఆయనకు ఒక్క నాలుగో వరుసే కనిపించింది. తోడల్లుడు చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు, పిచ్చుక కిలకిలా నవ్వుతోంది. ఆ దారిలో ఆయన పడని గొయ్యి లేదు.

"ఏవండీ, రోడ్డు ముందుంది!" అని అరిచింది భార్య.

బురుజు దగ్గర పిచ్చుక చెయ్యి పట్టుకు లాగింది. "సామాన్లున్నాయమ్మా, బాబాయితో వెళ్ళు" అన్నాడు. ఆ మాట అనేసరికి ఆయన ప్రాణం పోయినంత పనైంది. గంట తర్వాత తిరిగొచ్చారు.

"నాన్నా, మెట్లు లేవు. లిఫ్టు ఉంది. మన డాబా కూడా కనిపించలేదు."

డ్రైవరు నోరు విప్పేలోపే తోడల్లుడు అందుకున్నాడు. "లిఫ్టు మొన్న మొన్ననే పెట్టారే. పైగా ఇవాళ మబ్బు. మీ నాన్న ఎక్కినప్పుడు ఆకాశం తేటగా ఉండుంటుంది." అని చెప్పి డ్రైవరుకేసి కన్ను గీటాడు.

తిట్టినా బాగుండేది. తన కోతకి చిరుగు పడితే మాసిక వేసింది వాడా! అదీ తనకంటే నున్నగా!

మర్నాడు సరస్సు దగ్గర అందరూ పడవల వైపు పరిగెత్తారు. పిచ్చుక మాత్రం బస్సు ఆపిన షెడ్డు దగ్గరికొచ్చి నిలబడింది.

"నాన్నా, నువ్వు బురుజు ఎక్కావా?"

కొత్త కథ ఒకటి అప్పుడే నాలుక చివరిదాకా వచ్చేసింది. అంతలో ఆ గీటిన కన్ను గుర్తొచ్చింది. వాడి దయ మీద బతికే కోత తనకెందుకు?

"ఎక్కలేదు."

"పడవ?"

"అదీ ఎక్కలేదు. బస్సు వదలకూడదు."

"మరి ఇన్నేళ్ళూ ఏం చేశావు?"

"రా, చూపిస్తా."

బస్సు వెనక ఇనుప నిచ్చెన పట్టుకుని ఇద్దరూ పైకెక్కారు. సామాన్ల తాళ్ళు సరిచూసుకున్నాక ఆయన నడుం వాల్చేది అక్కడే. అక్కడి నుంచి సరస్సంతా పళ్ళెంలా కనిపించింది. పళ్ళెం మధ్యలో తోడల్లుడి పడవ ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

"బాబాయి ఒక పక్కే తెడ్డు వేస్తున్నాడు నాన్నా!"

"కళ్ళద్దాలు అమ్మేవాడికి రెండో పక్క కనపడలేదు పాపం!"

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గుడ్లగూబ కాపురముండే రేకు చూపించాడు, మధ్యాహ్నం నీడ ఎటు జరుగుతుందో చూపించాడు. పిచ్చుక శ్రద్ధగానే వింది కానీ నోరు తెరుచుకోలేదు. నిజం చెప్తే ఆ నోరు తెరుచుకోదని అర్థమై ఆయన నిట్టూర్చాడు.

మూడో రోజు పచ్చికలో బంతాట. సామాన్లు ఎక్కించేశారు కాబట్టి డ్రైవరు బస్సు మెట్టు మీదే కూర్చున్నాడు.

"పిచ్చుకా, నిన్న పడవెక్కకుండా ఎటు పోయావే?" అన్నాడు తోడల్లుడు.

"బస్సు పైకి. అక్కడి నుంచి మన డాబా కనిపించింది."

"ఇక్కణ్ణించా!"

"ఆఁ. దుప్పటి తీగ మీద లేదు బాబాయ్, కింద పడిపోయింది. దాని మీద కాకి. ఒంటికాలి కాకి."

బంతి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. భార్య గిరుక్కున ఇటు తిరిగి, "ఏవండీ, క్లిప్పులు పెట్టారా లేదా?" అంది.

"పెట్టా!" అన్నాడు డ్రైవరు.

తోడల్లుడు నిచ్చెనకేసి ఆశగా చూశాడు. "అన్నయ్యా, నన్నోసారి ఎక్కనిస్తావా?"

"డ్రైవర్లకే తమ్ముడూ."

వాడి కళ్ళలో ఆ కుళ్ళు చూడాలని ఎన్నేళ్ళ కోరికో. తీరా చూస్తే రుచే తెలియలేదు. ఆయన మనసంతా ఆ కాకి మీదే. ఉత్త కాకి కాదు, ఒంటికాలి కాకి! తన పదకొండేళ్ళ కోతల్లో అలాంటి కాలు ఒక్కటీ లేదు. అంత పిల్లకి అదెక్కణ్ణించి దొరికింది? ఇల్లు చేరేదాకా ఆయన అద్దంలో చూసింది కూతుర్నే, పోటీ కొట్టువాణ్ణి చూసినట్టు.

ఇంటి వీధిలో వీళ్ళని దించడానికి బస్సు ఆగింది. భార్య సంచులు వెతుక్కుంటోంది. కోతల డ్రైవరు హ్యాండుబ్రేకు లాగాడు, తాళం జేబులో వేసుకున్నాడు, కిందికి దూకి పరుగందుకున్నాడు.

"అన్నయ్య బస్సు వదిలేశాడు!" తోడల్లుడి కేక వెనక నుంచి వినిపించింది.

పదకొండేళ్ళ నియమం. రెండేసి మెట్లు చొప్పున డాబా ఎక్కాడు. దుప్పటి ఓ మూల నేల మీద పడి ఉంది. దాని మీద నల్లగా ఏదో కదిలి ఎగిరిపోయింది. కాళ్ళు లెక్కపెట్టే వ్యవధి దొరకలేదు.

గబగబా దులిపి తీగ మీద వేశాడు. ఒకటికి నాలుగు క్లిప్పులు బిగించాడు. చెప్పింది నిజమైందని పిచ్చుకకి తెలిస్తే ఇక ఆ ఇంట్లో తన కథ వినే దిక్కెవరు?

వెనక అడుగుల చప్పుడు. పిచ్చుక వచ్చి దుప్పటిని చూసింది, దాని మీది మట్టిని చూసింది, రొప్పుతున్న నాన్నని చూసింది. కింద ఎవరో హారను మోగిస్తూనే ఉన్నారు.

"నాన్నా, కాకి ఏదీ?"

"ఏ కాకి?" అన్నాడు కోతల డ్రైవరు, అప్పటికే మెట్లు దిగుతూ.