అడగని అవుట్

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, డిసెంబరులో, కర్నూలు జిల్లా జట్టు ఎంపిక మ్యాచ్‌కు అంపైరుగా నన్ను వేశారు. నేను కడపవాణ్ణి. అక్కడి జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా జీతం తీసుకుంటూ, సెలవు రోజుల్లో అంపైరింగ్ చేసేవాణ్ణి. ఎంపిక మ్యాచ్‌లకు పక్క జిల్లా అంపైర్లను పిలవడం మావైపు పద్ధతి. సొంత జిల్లావాడు నిలబడితే వేలెత్తినా తంటానే, ఎత్తకపోయినా తంటానే. బయటివాడైతే సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతాడు కాబట్టి తిట్టుకున్నా ఎవరికీ నష్టం లేదు.

మైదానంలో పచ్చిక లేదు. మా కరువు సీమలో గడ్డి పిచ్‌కు నీళ్లు పోసే స్తోమత ఎన్ని మైదానాలకుంది? గట్టి నేల మీద కొబ్బరినార పట్టా పరిచి, చుట్టూ మేకులు కొట్టి ఆడిస్తారు. దాన్ని మ్యాటింగ్ వికెట్ అంటాం. దాని మీద బంతి బాగా లేస్తుంది. ఉదయాన్నే పట్టాను లాగి చూసుకున్నాను, మేకులు తొక్కి చూసుకున్నాను. ఓవరుకు ఆరు బంతులు కాబట్టి, లెక్క తప్పకుండా కోటు జేబులో ఆరు చింతగింజలు వేసుకున్నాను. బంతికొకటి ఈ జేబులోంచి ఆ జేబులోకి మారుతుంది. దానికోసం మిషన్లు అమ్ముతారు గానీ నాకు గింజలే అలవాటు.

కర్నూలు టౌను జట్టు ముందు బ్యాటింగుకు దిగింది. బౌలింగు చేసేది ఆత్మకూరు వైపు పల్లెల జట్టు. వాళ్లలో ఎక్కువమంది ఒకే ఊరి చర్చి కుర్రాళ్లు. అంతదాకా టెన్నిస్ బంతితో ఆడినవాళ్లు, తోలు బంతితో పెద్ద మ్యాచ్ ఆడటం అదే మొదలు. వాళ్ల వేగం బౌలరు ప్రభుదాసు. కల్లూరులో బండలు కోసే మిషన్ దగ్గర పనిచేస్తాడు. జిల్లా జట్టుకు వయసు పరిమితి ఉంది, ప్రభుదాసుకు అదే ఆఖరి ఏడు. జిల్లా జట్టులో వేగం బౌలరుకు ఖాళీ ఒక్కటే ఉందని పొద్దున్నే అందరికీ చెప్పేశారు. ఆ రోజు దొరకకపోతే అతనికి ఇక దొరికేది లేదు.

అతను నా కొస నుంచే బంతి అందుకున్నాడు. పరుగు చూడగానే, అబ్బ, వీడెవడప్పా అనుకున్నాను. ఎక్కడా తడబాటు లేదు. రెండో ఓవర్లోనే బంతి సూటిగా వచ్చి ఓపెనర్ ముందరి కాలికి, మోకాలి కింద తగిలింది. వికెట్లకు తగలాల్సిన బంతికి కాలు అడ్డొస్తే అది ఎల్బీడబ్ల్యూ. అంపైరు చూసుకోవాల్సినవి మూడు. బంతి ఎక్కడ పడింది, కాలికి ఎక్కడ తగిలింది, కాలు లేకపోతే వికెట్లకు తగిలేదా. మూడూ సరిపోయాయి. నడి వికెట్టు ఎగిరిపోవాల్సిన బంతి అది.

ప్రభుదాసు ఆగి, వెనక్కి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. కీపర్ చూశాడు. అతని పక్కన స్లిప్పులో ఉన్నవాడూ చూశాడు. ఎవరి నోటి నుంచీ మాట రాలేదు.

ఇక్కడ చదువరులకు ఒక సంగతి చెప్పాలి. క్రికెట్‌లో అంపైరు తనంతట తాను ఎవరినీ అవుట్ చేయకూడదు. బంతి వేసే జట్టులో ఎవరో ఒకరు ‘హౌజ్ దట్’ అని అడగాలి. దాన్నే అప్పీల్ అంటారు. బౌలరు తర్వాతి బంతికి పరుగు మొదలుపెట్టేలోగా అడగకపోతే, ఆ అవుట్ పోయినట్టే. వికెట్లు పడిపోతే బ్యాట్స్‌మన్ తనే నడిచి వెళ్లిపోతాడు కాబట్టి అక్కడ ఈ చిక్కు తెలియదు. ఎల్బీడబ్ల్యూలో ఎవడు నడుస్తాడు?

ప్రభుదాసు కాసేపు చూసి, తలొంచుకుని పరుగు మొదలుపెట్టే చోటికి వెళ్లిపోయాడు. నేను గింజ జేబు మార్చాను.

ఇంకో నాలుగు ఓవర్ల తర్వాత మళ్లీ అదే కథ. ప్రభుదాసు బంతి టౌను కెప్టెన్ హర్ష బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడింది. చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. కీపర్ బంతి పట్టుకుని, నవ్వుతూ నా వేలి కోసం చూస్తున్నాడు. హర్ష గ్లవ్స్ సర్దుకుంటూ ఆకాశం వైపు చూస్తున్నాడు. అడగండ్రా నాయనా, నోరు పడిపోయిందా మీకు, అని అరవాలనిపించింది. అంపైరు అలా మాట అందివ్వకూడదు. ప్రభుదాసు ముఖం ఈసారి మాడిపోయింది. నన్ను పక్షపాతి అనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. నాకూ ఒళ్లు మండింది.

డ్రింక్స్ విరామంలో వాళ్ల కెప్టెన్ యాకోబు నా దగ్గరికి వచ్చాడు. కీపరూ అతనే. మర్యాదగా, కాస్త దూరంలో నిలబడ్డాడు.

“సారూ, తప్పుగా అనుకోవద్దు. ఆ రెండూ అవుట్ కాదా?”

నిర్ణయాల మీద చర్చ కుదరదు గానీ, కెప్టెన్ అడిగితే నియమం చెప్పవచ్చు. “మీరు అప్పీల్ చేయలేదు. చేయనిదే ఇచ్చే అధికారం నాకు లేదు” అన్నాను.

యాకోబు నోరు తెరిచాడు. “అడగల్లా సారూ? అవుటైతే మీరే ఏలెత్తరా?”

“టీవీలో చూడలేదా, ఎట్లా అరుస్తారో?”

“చూసినాం సారూ. అది పొగరనుకుంటిమి. మా ఊర్లో పాస్టరయ్యే అంపైరు. ఆయన ముందర నోరు లేపితే ఆ పొద్దు ఆట ల్యా, పోయి గట్టున కూచ్చోల్ల. అవుటైతే ఆయనే చెప్తాడు.”

సంగతి అప్పుడు అర్థమైంది. పెద్దమనిషి మీద అరవకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నవాళ్లు, ఆ మర్యాదతోనే రెండు వికెట్లు పోగొట్టుకున్నారు. అరవక్కర్లేదని, అడిగితే చాలని చెప్పాను. యాకోబు వెళ్లి అందరినీ కూడగట్టాడు. నడుమ నిలబడిన ప్రభుదాసు తల పట్టుకోవడం దూరం నుంచి కనబడింది.

విరామం అయ్యాక మూడో బంతి ఎదుటి బ్యాట్స్‌మన్ కాలికి తగిలింది. ప్రభుదాసు నా దగ్గరికి రెండడుగులు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, గుడిలో పూజారిని అడిగినంత నెమ్మదిగా అడిగాడు.

“సారూ, ఇది అవుటేనా?”

వేలెత్తాను. బ్యాట్స్‌మన్ లబలబలాడాడు. “అరవందే ఎట్లిస్తారు సార్? ఇది అప్పీలే కాదు!” అడగాలని ఉంది గానీ గొంతు చించుకోవాలని ఎక్కడా లేదని చెప్పి పంపించాను. నా సర్వీసులో అంత మర్యాదైన అప్పీల్ నేను వినలేదు.

తర్వాత ఒకడి వికెట్లు పడగొట్టాడు. చివరి ఓవర్లో మళ్లీ కాలికి తగిలింది. మళ్లీ వచ్చి అడిగాడు. ఈసారి బంతి లెగ్ స్టంపు బయట, అంటే బ్యాట్స్‌మన్ కాళ్ల వెనుక వైపు పడింది. అక్కడ పడితే ఎల్బీడబ్ల్యూ లేదు, ఇంక చూడాల్సిందేమీ లేదు. ఇవ్వాలని మనసు పీకింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, చాలా పీకింది. నాటౌట్ అన్నాను. “సరే సారూ” అని వెళ్లి తర్వాతి బంతి వేశాడు.

మధ్యాహ్నం టౌను జట్టు బౌలింగులో అప్పీళ్ల హోరుకు నా చెవులు గింగిర్లెత్తాయి. కాలి బొటనవేలికి తగిలినా, గాలికి తగిలినా అరిచారు. వాళ్ల వేగం బౌలరుకు మూడు వికెట్లు పడ్డాయి. మూడూ సరైనవే.

సాయంత్రం షామియానా కింద సెలక్టరు పేర్లు చదివారు. ఆయన రిటైరైన ఇంజనీరు, ముక్కుసూటి మనిషి. వేగం బౌలరుగా టౌను కుర్రాడి పేరు వచ్చింది. ఆత్మకూరు కుర్రాళ్లు సంచులు సర్దుకుంటున్నారు. అంపైరు తనంతట తాను ఏ ఆటగాడి గురించీ సెలక్టరుకు చెప్పకూడదు. నేను కోటు మడుచుకుంటూ కూర్చున్నాను.

ప్రభుదాసు వచ్చి సెలక్టరు ఎదుట నిలబడ్డాడు. చేతులు వెనక్కే ఉన్నాయి.

“సారూ, నా పేరు యాలరాలే?”

“నీకు పడింది రెండే కదప్పా” అన్నారాయన.

“నాలుగు సారూ. రెండు మేం అడగలే. అడగల్లని తెల్దు. అంపైరు సారును అడగండి.”

సెలక్టరు నా వైపు తిరిగారు. “ఏమప్పా, నిజమేనా?”

అడిగారు కాబట్టి చెప్పాను. “నిజమే. రెండూ అవుటే. అడిగుంటే ఇచ్చేవాణ్ణి.”

ఆయన హర్షను పిలిచి, బంతి తగిలిందా అని అడిగారు. హర్ష నవ్వేశాడు. “తగిలింది సార్. వాళ్లడగల్యా, నేను పోల్యా.” అందులో తప్పేమీ లేదు, ఆటలో అది చెల్లుతుంది. నిజం ఒప్పుకున్నందుకు నాకు ఆ కుర్రాడి మీద గౌరవం కలిగింది.

సెలక్టరు పేర్ల కాగితం మళ్లీ చూశారు. చదివిన పేరు తీసేయలేనని, రిజర్వుగా జట్టుతో తీసుకెళ్తానని అన్నారు.

ప్రభుదాసు కదల్లేదు. “ఆడిస్తారా సారూ?”

షామియానా కింద అందరూ ఘొల్లుమన్నారు. “పొద్దున నోరు లేదంటిరి, ఇప్పుడు చూడు!” అన్నారు సెలక్టరు. అన్నారే గానీ, ఆ ఏడు ఒక మ్యాచ్‌లో ఆడించారు.

ఆ రోజు నుంచి విరమణ దాకా, ప్రతి మ్యాచ్‌లో టాస్ వేసే ముందు ఇద్దరు కెప్టెన్లకూ ఒకే మాట చెప్పేవాణ్ణి. అవుటని మీకనిపిస్తే అడగండి, అడగనిదే నేను చెప్పను, అడిగినంత మాత్రాన ఇవ్వను. చాలామంది, ఈ ముసలాయనకు ఏమైందన్నట్టు చూసేవారు. తెలిసిన సంగతే కదా అని ఏ నియమాన్నీ చెప్పకుండా వదిలేయకూడదని నాకు ఆత్మకూరు కుర్రాళ్ల వల్ల తెలిసింది.