ఊరు ఖాళీ చేసిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరి మనుషులందరూ ఒక పగలంతా ఇళ్ళు వదిలి ఊరి బయట గడిపారు. ఒక్క మా మేనత్త మాత్రం రాలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. పోలీస్ యాక్షన్ అయిపోయినా, నిజాం కాలపు సంగతులు పెద్దవాళ్ళు ఇంకా గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్న రోజులు. మాది బోథ్‌కు ఒక పూట నడకలో ఉన్న చిన్న పల్లె. నల్లరేగడి చేలు, వాటి వెనక అడవి.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో గత్తర వచ్చింది. కలరాను మా వైపు అలాగే అంటారు. పొద్దున నవ్వుతూ నాగలి కట్టుకుని పోయిన మనిషి పొద్దు గూకేసరికి ఉండేవాడు కాదు. ఒక ఇంట్లో ఏడుపు ఆగకముందే ఇంకో ఇంట్లో మొదలయ్యేది. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. మా అవ్వ నన్ను గడప దాటనిచ్చేది కాదు. మా బాపు చేను నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె వాకిట్లో నిలబడి రెండు చేతులూ నలుపుకునేది.

మా మేనత్త బాపుకు అక్క. ఆమెను మా ఊళ్ళోనే ఇచ్చారు. మొగుడు నేను పుట్టకముందే పోయాడట. పిల్లలు లేరు. మాకు రెండిళ్ళ అవతల తన ముసలి అత్తగారితో ఉండేది. ఆ అత్తగారిని మేమంతా ముసలవ్వ అనేవాళ్ళం. ఆ ముసలవ్వకు గత్తర తగిలింది. అందరూ ఆశ వదులుకున్నారు. మా మేనత్త మాత్రం పక్కన కూర్చుని ఉప్పేసిన గంజినీళ్ళు చెంచాతో పోస్తూనే ఉంది. కక్కుకుంటే తుడిచి, మళ్ళీ పోసేది.

అప్పుడే ఊరి పెద్ద పటేల్ ఇంటి ముందు పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. పోచమ్మ తల్లి కోపంగా ఉంది, ఊరంతా ఒక పగలు ఇళ్ళు విడిచిపెడితే తల్లి పొలిమేర దాటిపోతుంది అని. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఊళ్ళో మనిషి ఉండకూడదు, పొయ్యి వెలగకూడదు. చంటిపిల్లలైనా, మంచం పట్టినవాళ్ళైనా కదలాల్సిందే. పటేల్ చెడ్డవాడు కాదు. తన సొంత తమ్ముణ్ణి గత్తరకే పోగొట్టుకున్నాడు. ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం ఆయనది. డప్పు కొట్టి ఊరంతా చెప్పించాడు.

మా మేనత్త రానన్న సంగతి తెలిసి బాపును పంపారు. నేను బాపు వేలు పట్టుకుని వెళ్ళాను. బాపు మెత్తటి మనిషి. గడపలోనే నిలబడి, ముసలవ్వను మంచంతో సహా జాగ్రత్తగా మోయిస్తానని, చెట్టు నీడలోనే ఉంచుతానని చాలాసేపు నచ్చజెప్పాడు. ఆ ఎండలో మంచం కదిలిస్తే ముసలవ్వ దారిలోనే పోతుందని మేనత్త అంది. చివరికి బాపు తల దించుకుని అన్నాడు.

"ఊరితోటి ఉండాలె గదా అక్కా."

మేనత్త చేతిలో చెంచా ఆపి బాపు ముఖంలోకి చూసింది. కోపంగా కాదు.

"ఈమె గూడ ఊరే గదరా తమ్మీ," అంది.

బాపు నా వేలు పట్టుకుని గడప దిగాడు. మేం తిరిగి వచ్చేశాం.

మర్నాడు తెల్లవారకముందే ఊరంతా కదిలింది. దారులకు ముళ్ళకంపలు అడ్డం వేశారు. ఊరి బయట ఇప్పచెట్ల కింద అందరం చేరాం. నిజం చెప్పాలంటే ఆ పగలు నాకు ఎంతో బాగుంది. ఎన్నాళ్ళ తర్వాతో మనుషులు ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. ముందు రోజు వండుకొచ్చిన జొన్నరొట్టెలు పంచుకున్నారు. ఆడవాళ్ళు తల్లి మీద పాటలు పాడారు. మా అవ్వ నవ్వడం ఆ నెలలో మొదటిసారి చూశాను. పటేల్ కోడలు తన చిన్న కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని రొట్టె తుంచి పెడుతోంది. అంతమంది కలిసి ఒకే సంగతి నమ్మితే ఎంత ధైర్యంగా ఉంటుందో ఆ రోజు నాకు తెలిసింది. ఆ ధైర్యం దొంగది అని నేను ఈనాటికీ అనలేను.

మధ్యాహ్నం దాటాక ఊరివైపు సన్నగా పొగ లేచింది.

పాట ఆగిపోయింది. అది ఎవరి ఇంటి పొగో ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరుగా తలలు మా బాపు వైపు తిరిగాయి. బాపు నేలను చూస్తూ కాలి వేలితో మట్టి తవ్వుతున్నాడు. గంజి కోసం మేనత్త పొయ్యి ముట్టించి ఉంటుందని నాకు తెలుసు. ఆ మాట చెప్పబోతే అవ్వ నా చేయి గట్టిగా నొక్కింది.

ముసలవ్వ బతికింది. కానీ ఆ వారం తిరక్కుండానే పటేల్ కోడలి చిన్న కొడుకు గత్తరతో పోయాడు.

ఆ పిల్లవాణ్ణి మట్టి చేసి వచ్చిన సాయంత్రం ఆమె నేరుగా మా మేనత్త వాకిట్లోకి వచ్చింది. వెనక సగం ఊరు వచ్చింది. నేను మా అరుగు మీద నుంచి దిగి పరుగెత్తాను. తిట్లు, శాపనార్థాలు మొదలవుతాయనుకున్నాను. ఆమె అవేవీ అనలేదు. జుట్టు విరబోసుకుని, గొంతు పోయి, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"నువ్వు ఆ దినం పొయ్యి ముట్టియ్యకుంటె నా కొడుకు బతికేటోడా అక్కా? నిజం జెప్పు."

కాదు అంటే సరిపోయేది. కాదమ్మా, ఆ పొగకూ నీ బిడ్డకూ సంబంధం లేదు అని గట్టిగా అని ఉంటే, ఏమో, కొందరైనా వెనక్కి తగ్గేవారు. మా మేనత్త ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు.

"నాకు ఎరుకలేదు బిడ్డా," అంది. "ఔనని చెప్పలేను, కాదని చెప్పలేను. నాకు ఎరుకలేదు."

వెనక ఉన్నవాళ్ళు ఒక్కసారిగా గుసగుసలాడుకున్నారు. తానే ఒప్పుకుంది అన్నారు. ఆ మాటను ఇంకెలా అర్థం చేసుకోవాలో వాళ్ళకు తెలియలేదు. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి మాత్రం వాకిట్లోనే కూలబడింది. మేనత్త వెళ్ళి పక్కన కూర్చోబోతే పటేల్ మనుషులు అడ్డం వచ్చారు.

మరునాడు మేనత్త ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్ చేశారు. ఊరి బావిలో ఆమె చేద వేయకూడదు. ఎవరూ పలకరించకూడదు. ఆమె వాగులో చెలమ తవ్వుకుని నీళ్ళు తెచ్చుకునేది. ఆ తర్వాత బోథ్ నుంచి దవాఖానా వాళ్ళు వచ్చి బావుల్లో మందు కలిపారు, అందరికీ సూదులు వేశారు. వానలు పడ్డాయి. గత్తర పోయింది. మేనత్తను వెలివేసినందువల్లే పోయిందని ఊరు నమ్మింది. ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. బాపు రాత్రిళ్ళు అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేచిపోయేవాడు.

ఒకసారి వాగు దగ్గర మేనత్త ఒంటరిగా కనిపించింది. కాదని ఎందుకు చెప్పలేదు అత్తా అని ఏడుస్తూ అడిగాను. ఆమె బిందె దించి నా ముఖం తుడిచింది.

"ఆమెకు ఒక జవాబు గావాలె. నా తాన లేదు. లేనిది ఎట్ల ఇయ్యాలె బిడ్డా?" అంది. ముసలవ్వ ఎందుకు బతికిందో కూడా తనకు తెలియదంది. గంజి వల్ల బతికిందని చెప్పుకుంటే అది కూడా ఊరు చెప్పేలాంటి మాటే అవుతుందట. తెలియనప్పుడు ఏం చేయాలని అడిగాను. పక్కన కూర్చోవాలె, అంతే అంది.

చలికాలంలో ముసలవ్వ వయసు మీదపడి నిద్రలోనే పోయింది. పాడె మోయడానికి ఎవరూ రాలేదు. పొద్దెక్కేదాకా చూసి మా బాపు లేచాడు. ఎడ్లబండి కట్టి, అక్క ఇంటి ముందుకు తోలుకుపోయాడు. ఇద్దరే కలిసి ముసలవ్వను సాగనంపారు. ఆ సాయంత్రం నుంచి మా ఇంటికి కూడా పలకరింపులు ఆగిపోయాయి.

అది చూసే మేనత్త ఊరు విడిచింది. భైంసాలో పత్తి గింజలు తీసే జిన్నులో పని దొరుకుతుందని ఎవరో చెప్పారట. మూట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చి నా తల నిమిరింది. ఉండమని బాపు అనలేకపోయాడు, పొమ్మనీ అనలేకపోయాడు. ఆమె పోయాక నెల తిరిగేలోపే ఊరు మాతో మాట్లాడడం మొదలుపెట్టింది. బాపు అందరికీ జవాబిచ్చేవాడు గానీ తానుగా ఎవరినీ పలకరించడం మానేశాడు.

మా మేనత్త ధైర్యం నాకు రాలేదు. నలుగురూ ఒక మాట అంటే తల ఊపుతూనే బతికాను. చాలా ఏళ్ళకు, పిల్లలు ఇంకా చిన్నగా ఉండగానే, మా ఆయన ఒక పూటలో పోయాడు. చూడవచ్చిన వాళ్ళంతా తలా ఒక కారణం చెప్పారు. గ్రహచారం అన్నారు, పోయిన జన్మ పాపం అన్నారు, మొక్కు తీర్చలేదేమో అన్నారు. ఒప్పుకుంటే కాస్త తేలికవుతుందని నాకూ అనిపించింది. ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని, ఏం తప్పు జరిగిందో గుర్తు తెచ్చుకో బిడ్డా అంది. నాకు ఎరుకలేదవ్వా అన్నాను. ఆమె చేయి తీసేసింది. ఆ మాటతో నాకు ఓదార్పేమీ దొరకలేదు, ఇప్పటికీ దొరకదు. కానీ ఆ పూట ఆయన పక్కన అబద్ధం లేకుండా కూర్చోగలిగాను.