కుడి కంటి అంకె ఎడమ కంటికి

ఆ కళ్ళజోళ్ళ వర్క్‌షాపులో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ముందు గదిలో కూర్చుని, కంటి డాక్టర్లు రాసిన చీటీల్లోని అంకెలను కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె పని. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఏ డాక్టరు రాసే ఏడు ఒకటిలా ఉంటుందో, ఏ డాక్టరు మైనస్ గుర్తు పెట్టడం మరిచిపోతాడో ఆమెకు కంఠతా వచ్చు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా, ఆమె సెలవు పెట్టిన రోజున యజమానికి కాలు ఒకచోట నిలిచేది కాదు.

వెనక గదిలో మేస్త్రి అద్దాలు అరగదీసేవాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఇదివరకు చీటీలు రెండు గదుల మధ్య గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి అతనికి అందేవి. యజమాని కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాక ఇక్కడ ఆమె ఎక్కించింది అక్కడ మేస్త్రి తెర మీద కనిపించడం మొదలైంది. రెండు నెలలు ఇద్దరికీ హాయిగానే గడిచింది.

మూడో నెలలో బట్టలు కుట్టే ఒకావిడ ఫోన్ చేసింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంటే నేల ఏటవాలుగా కనిపిస్తోందని, తల పగిలిపోతోందని.

"కొత్త పవర్ కదమ్మా, నాలుగు రోజులు పెట్టుకుంటే అలవాటవుతుంది," అంది భూతద్దం. అందరికీ చెప్పే మాటే అది. చాలామందికి నిజంగానే అలవాటయ్యేది.

పన్నెండో రోజున ఆవిడే వచ్చింది. చూపుడు వేలికి కట్టు ఉంది. కుట్టుమిషన్ సూది కింద వేలు ఎక్కడుందో అంచనా తప్పిందట.

"మీరు చెప్పారని తీయకుండా పెట్టుకున్నానండీ," అంది.

భూతద్దం ఆ కళ్ళజోడును పవర్ కొలిచే మిషన్ మీద పెట్టి చూసింది. కుడి కంటి అద్దం ఎడమవైపు ఉంది, ఎడమది కుడివైపు. చీటీ తీసింది. చీటీ, తన తెర రెండూ ఒకేలా ఉన్నాయి. వెనక గదిలోకి వెళ్ళి చూస్తే మేస్త్రి తెర మీద మాత్రం అంకెలు తారుమారై ఉన్నాయి.

"ఇందులో ఉన్నట్టే చేశాను చెల్లెమ్మా," అన్నాడు మేస్త్రి, తప్పు తనదేమోనని భయపడుతూ.

మర్నాటికి ఆవిడకు కొత్త అద్దాలు వేసిచ్చారు. ఆ మధ్యాహ్నమే భూతద్దం సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అబ్బాయి గొంతు పలికింది.

"ఎర్రర్ మెసేజ్ ఏం వచ్చింది మేడం?"

"ఏమీ రాలేదు బాబూ. అదే కదా నా బాధ."

"మెసేజ్ రాకపోతే అది ఎర్రర్ కింద రాదు మేడం. స్క్రీన్‌షాట్ పంపండి."

తన తెర ఫోటో పంపింది. అంతా సరిగ్గానే ఉందని జవాబొచ్చింది. మేస్త్రి తెర ఫోటో పంపితే, అంకెలు మీరే తప్పుగా ఎక్కించారని వచ్చింది. రెండూ కలిపి పంపితే, ఒక కంప్లయింటుకు ఒక ఫోటోయే తీసుకుంటామన్నారు.

ఆ సంగతి ఇంట్లో చెబితే, లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి నవ్వాడు. "లిఫ్టులో ఇరుక్కున్నామని ఫోన్ చేసినవాళ్ళని నేను ఫోటో అడిగితే, బయటికొచ్చాక నన్ను తంతారే."

ఆమెకు నవ్వు రాలేదు.

మూడు వారాలు ఒక నోటు పుస్తకంలో ప్రతి ఆర్డరూ రాసిపెట్టింది. ఎప్పుడు ఎక్కించింది, ఎప్పుడు దిద్దింది, ఆ సమయానికి మేస్త్రి ఏం చేస్తున్నాడు. చివరికి దొరికింది. ఒక ఆర్డరు మేస్త్రి తెర మీద తెరిచి ఉండగా, ఆమె ఇక్కడ అందులో ఏదైనా దిద్దితే, అది ఫోన్ నంబరే అయినా సరే, అతని వైపు కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. మేస్త్రిని కూర్చోబెట్టి నాలుగుసార్లు చేసి చూసింది. నాలుగుసార్లూ అయింది.

ఇక తీరిపోయినట్టే అనుకుని, ఉత్సాహంగా మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి వేరే అబ్బాయి. కథ మొదటి నుంచి చెప్పించుకున్నాడు. మీ కంప్యూటర్లోకి ఇక్కణ్ణుంచి నేనే వచ్చి చూస్తానన్నాడు.

"దానికి ముందు మిగతా కంప్యూటర్లన్నీ కట్టేయండి మేడం."

"అది కట్టేస్తే తప్పు జరగదు బాబూ. రెండూ తెరిచి ఉంటేనే అవుతుందని ఇప్పుడే కదా చెప్పాను."

"అర్థమైంది మేడం. కానీ కట్టేయకపోతే నాకు కనెక్ట్ అవ్వడానికి పర్మిషన్ లేదు."

మేస్త్రి కట్టేశాడు. ఆ అబ్బాయి అరగంట సేపు ఆమె తెర మీద బాణం గుర్తును అటూ ఇటూ తిప్పాడు. ఒక్క అంకె కూడా చోటు మారలేదు. సాయంత్రానికి మెయిల్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడినది.

ఆమె మళ్ళీ రాసింది. మూసేసిన కంప్లయింటును తిరిగి తెరవడం కుదరదని కొత్త నంబరిచ్చారు. కొత్త నంబరుతో కొత్త మనిషి, ఎర్రర్ మెసేజ్ ఏం వచ్చింది మేడం అన్న పాత ప్రశ్న. అలా ఆరు నంబర్లయ్యాయి. యజమాని కూడా ఒకసారి ఫోన్ అందుకుని గట్టిగా మాట్లాడబోయాడు గానీ, సంగీతం వింటూ వింటూ చల్లబడిపోయి, రిసీవరు ఆమె చేతికిచ్చేశాడు.

"మూడేళ్ళకి సంతకం పెట్టాను. ఏదో ఒకటి చేసి నెట్టుకురా తల్లీ," అన్నాడు.

ఏం చేయాలి? ఏ ఆర్డరు ఎప్పుడు అతని దగ్గర తెరిచి ఉంటుందో ముందు గదిలో తెలియక, మేస్త్రి కంప్యూటర్ తీగ పీకేశారు. చీటీల కిటికీని కొత్త కంప్యూటర్ పెట్టినప్పుడే చెక్కతో మూసేశారు కాబట్టి మేస్త్రి ప్రతి ఆర్డరుకూ లేచి ముందు గదికి వచ్చి ఆమె తెర చూసి రాసుకుని వెళ్ళేవాడు. రోజుకు నలభైసార్లు. పది రోజులు తిరిగేసరికి గుమ్మం దగ్గర మోకాలు పట్టుకుని ఆగడం మొదలుపెట్టాడు. ఆమె చూస్తే, "ఏం లేదులే," అనేవాడు. తయారైన ప్రతి కళ్ళజోడునూ ఆమె మళ్ళీ కొలిచేది. అనుమానం లేనివి కూడా.

ఏడోసారి ఫోన్ చేసినప్పుడు ఒక అమ్మాయి ఎత్తింది. కొత్తగా చేరినట్టుంది. మధ్యలో అడ్డు రాకుండా అంతా వింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మేడం, నేను చెప్పానని ఎవరికీ చెప్పకండి. మీరొక్కరే కాదు. ఇదే కంప్లయింట్ ఇంకో పద్నాలుగు చోట్ల నుంచి వచ్చింది. నేను మూడుసార్లు పైకి పంపాను. తప్పేం లేదని రాసి వెనక్కి పంపేస్తున్నారు."

ఇన్నాళ్ళూ భూతద్దం తన మాట ఎవరి చెవికీ ఎక్కలేదనుకుంది. ఎక్కిన చెవి ఒకటి దొరికితే, దానికీ ఏ బలమూ లేదు.

"ఆ పద్నాలుగు చోట్లా కళ్ళజోళ్ళు ఇచ్చే ముందు ఎవరైనా కొలిచి చూస్తున్నారా అమ్మా?"

"తెలీదు మేడం."

"రెండో తెర కట్టేయమని వాళ్ళకి చెప్పొచ్చు కదా."

"మాకిచ్చిన కాగితంలో ఆ మాట లేదు. లేని మాట చెబితే..." అని ఆగిపోయింది అమ్మాయి. అవతల ఇంకెవరివో గొంతులు, ఒకరి మీద ఒకరు, అందరూ మేడం మేడం అంటూ వినిపించాయి.

"పోనీ వాళ్ళ నంబర్లివ్వు. నేనే చేస్తాను."

"ఇవ్వకూడదు మేడం."

మేస్త్రి చేతిలో పెన్సిల్‌తో వచ్చి, ఆమె ముఖం చూసి, అడగకుండానే తెర వైపు వంగి అంకెలు రాసుకున్నాడు.

"మేడం," అంది అమ్మాయి చివరికి. "కాల్ పెట్టేసే ముందు సమస్య తీరిందని రాయాలి. రాయమంటారా?"

"రాయకపోతే ఏమవుతుంది?"

"నా పనికిచ్చే మార్కులు తగ్గుతాయి. ఈ నెల ఇప్పటికే రెండుసార్లు తగ్గాయి."

భూతద్దం నోటు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"రాసుకో అమ్మా," అంది.