అక్క కొట్టేయించిన ఆధారాలు

మా బావను ప్రెస్సులో అందరూ "అడ్డం నిలువు" అంటారు. పేరు పెట్టి పిలిచేది జీతాలిచ్చే రోజు ఒక్కటే. పగలంతా అక్కడ అచ్చుతప్పులు దిద్దుతాడు. మిగిలిన బతుకంతా ఒక వారపత్రిక వెనక పేజీలో వచ్చే గళ్ళ నుడికట్టు తయారుచెయ్యడానికే ధారపోశాడు. మనిషి పొడుగు, సన్నం. నడుం వంచి గళ్ళు గీస్తుంటే స్కేలేదో బావేదో తెలియడం లేదని ఏడిపించేదాన్ని. నేను ఆయన భార్యకు చెల్లెల్ని. మరదలికి ఆ మాత్రం హక్కుంటుంది.

ఆయన ఆధారాలు ఎప్పుడూ సూటిగా ఉండవు. "పిండితే వచ్చేవీ, పంచుకుంటే వచ్చేవీ ఒకటే, రెండక్షరాలు" అంటాడు. ఆవును తలుచుకుంటూ కూర్చుంటే సగం దారే. పాలంటే వాటా కూడా అని తట్టాలి. "సర్కారు చాచే చెయ్యి" అంటే కరం. చెయ్యీ అదే, పన్నూ అదే. నాకు ఒక్కటీ తట్టేది కాదు.

"నేరుగా అడిగితే ఏం పోయింది బావా? ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమెందుకు?" అనేదాన్ని.

"నేరుగా అడిగితే దాన్ని పరీక్ష అంటారు మరదలా. ఇది ఆట," అనేవాడు.

అక్క నాలా కాదు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని వీధిలోవాళ్ళ చొక్కాలు, పరదాలు, దిండు గలీబులు కుట్టేది. బావ సాయంత్రం వస్తూనే, చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా స్టూలు లాక్కుని ఆధారం చదివేవాడు. అక్క మిషను తొక్కుతూనే వినేది. ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం. చేతిలో ఉన్న కుట్టు పూర్తయ్యేలోగా అక్క జవాబు చెప్పేస్తే ఆ ఆధారం పనికిరాదు. సిరాతో రాసుకొచ్చిన దాన్ని బావ పెన్సిలుతో అడ్డంగా కొట్టెయ్యాలి. చెప్పలేకపోతే అది పత్రికకు వెళ్తుంది.

"పందిరెక్కితే పూస్తుంది, స్తంభమెక్కితే వెలిగిస్తుంది," అన్నాడు ఒకసారి మహా గొప్పగా. అక్క తలెత్తకుండానే, "తీగ. వెళ్ళి కాళ్ళు కడుక్కోండి," అంది. బావ మొహం మాడిపోయింది. అక్క ఓడిన రోజు మాత్రం ఆయన కాలు నేలమీద నిలిచేది కాదు. ఆయనే టీ పెట్టి తెచ్చి ఇచ్చేవాడు. ఏ జవాబూ అతకని తప్పుడు ఆధారం రాసుకొస్తే అక్క మిషను ఆపేసేది. "ఇది మోసం. దీనికి జవాబు లేదు," అని కత్తెర చూపించేది. ఆ విషయంలో బావ ఎన్నడూ ఆమెతో వాదించి గెలవలేదు.

పిల్లల్లేని ఇల్లు. మాటలే సందడి. పోట్లాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా బావ గోడకేసి ఆధారం చదివేవాడు, అక్క సూదికి జవాబు చెప్పేది. ఇదేం సంసారం తల్లీ అని నేను నవ్వుకునేదాన్ని. నవ్వేదాన్నే గానీ, లోలోపల కుళ్ళుకునేదాన్ని కూడా.

తర్వాత అక్కకు తలలో నరం చిట్లింది. మిషను మీదే ఒరిగిపోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చేసరికి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది: "అదే." నీళ్ళు కావాలా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. నన్ను చూసీ అదే, కిటికీని చూసీ అదే.

"లోపల ఎంత మిగిలిందో చెప్పలేం," అన్నాడు డాక్టరు. నేను మెట్లమీద కూలబడి ఏడ్చాను. బావ ఏడవలేదు. డాక్టరు మాటలో కూడా రెండో అర్థం వెతుక్కున్నాడు. "మిగల్లేదనలేదుగా," అన్నాడు.

అక్కను చూసుకోవడానికి నేను వాళ్ళింట్లోనే ఉండిపోయాను. బావ సాయంత్రం స్టూలు మంచం పక్కకు లాక్కునేవాడు. "గొంతు బాగోకపోయినా వేలంలో పాడొచ్చు. రెండక్షరాలు." అక్క ఆయన మొహంలోకి చూసి, ఒకవైపు మాత్రమే కదిలే పెదవులతో నవ్వి, "అదే," అనేది.

"చూశావా! పాట అని తెలిసిపోయింది. మాట పెగలడం లేదంతే," అని బావ దాన్ని కొట్టేసేవాడు. ఇంకోటి చదివేవాడు. అదే. కొట్టేసేవాడు. "మీ అక్క ముందుకన్నా పదునెక్కింది మరదలా, ఒక్కటీ వదలడం లేదు," అని మురిసిపోయేవాడు. కాదనడానికి నాకు నోరు రాలేదు. నాకూ ఆశ ఉంది కదా. ఆధారం వింటున్నప్పుడు అక్క కళ్ళలో ఏదో కదిలినట్టే ఉండేది.

రాసినవన్నీ కొట్టేస్తే పత్రికకు ఏం పంపుతాడు? వెనక పేజీలో కొన్నాళ్ళు పాత గడులు వేశారు, తర్వాత ప్రకటనలు వేశారు. చివరికి ఎడిటరు ఇంటికే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "ఈ వారం కూడా రాకపోతే ఆ చోటు వంటలకు ఇచ్చేస్తారు. నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు.

"ఆవిడ అన్నీ విప్పేస్తోందండీ. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు బావ.

ఎడిటరు నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆయన వెళ్ళాక బావ కొట్టేసిన కాగితాలు ముందేసుకుని తిరగేశాడు. తర్వాత కొత్త కాగితం మీద ఏదో రాసి, వంటగదిలోకి తెచ్చి నాకు చూపించాడు. "మూడు రెక్కల బల్ల ఉప్పును అద్దెకిస్తే తెల్లారేది. నాలుగక్షరాలు."

"ఇదేంటి?"

"ఏమీ కాదు. చేతికొచ్చిన మాటలు పక్కపక్కన పెట్టాను. దీనికి జవాబు లేదు. ఆధారాలు నిజంగా అర్థమవుతుంటే మీ అక్క దీన్ని పట్టేస్తుంది. మాట రాకపోతే మొహమైనా చిట్లిస్తుంది. మాత్ర చేదుగా ఉంటే చిట్లిస్తోందిగా."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో గరిటె విసిరికొట్టాను. "వద్దు బావా. తెలుసుకుని ఏం బావుకుంటారు? పోతే పోయింది వెధవ గడి. వంటలే వేసుకోనివ్వండి."

"గడి కోసం కాదు," అన్నాడు. "రోజూ నేను ఎవరితో మాట్లాడుతున్నానో నాకు తెలియాలి."

అడ్డుపడదామని వెనకే వెళ్ళాను. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. తెలుసుకోవాలని నాకూ ఉంది, అదీ నిజమే.

బావ గొంతు సవరించుకుని నెమ్మదిగా, విడివిడిగా చదివాడు. అక్క శ్రద్ధగా విన్నది. ఆ క్షణంలో నేను మొక్కని దేవుడు లేడు. చిట్లించవే తల్లీ, ఒక్కసారి మొహం చిట్లించు.

అక్క నవ్వింది. "అదే," అంది.

"సరిగ్గా విను," అని బావ మళ్ళీ చదివాడు. "దీనికి జవాబు ఉందంటావా?"

"అదే," అంది అక్క ఇంకా ఇష్టంగా, ఎడమచేత్తో ఆయన మోకాలు తడుతూ.

బావ ఆ చేతిని కాసేపు అలాగే ఉండనిచ్చాడు. తర్వాత లేచి, దుప్పటి సరిచేసి, బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడ్చినా బాగుండేది. కొట్టేసిన కాగితాల కట్ట ముందుకు లాక్కుని, రబ్బరు తీసుకుని, పెన్సిలు గీతలు ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టాడు. కిందున్న సిరా అక్షరాలు చెక్కుచెదరకుండా బయటపడుతున్నాయి. రబ్బరు పొడి ఊదుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు:

"ఎడిటరుకు ఫోన్ చెయ్యి మరదలా. ఏడాదికి సరిపడా ఉన్నాయని చెప్పు."