నుదుటి బిళ్ళ

బేరంలో నన్ను మించినవాడు మేం వలసొచ్చిన ఇపో ఊళ్ళో మా వీధి మొత్తానికీ లేడు. పన్నెండు పాల డబ్బాలకు తాకట్టు పెట్టుకున్న గోరంత వెండి బిళ్ళను పదిహేను డాలర్లకు అమ్మాను. అమ్మనని మాటిచ్చి మరీ అమ్మాను.

తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టి, రబ్బరు ఎస్టేటు జనాన్ని ముళ్ళకంచె లోపలికి తరలించిన రోజులవి. సరుకు అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు చేరకూడదని, ప్రతి డబ్బాకూ కన్నం పొడిచి అమ్మాలనేవారు. కన్నం పడ్డ డబ్బాలో పాలు నిలవుండవు. అందుకని రబ్బరు చెట్లు గీసే పిన్నమ్మ, దగ్గుతో మంచం పట్టిన మొగుడి కోసం, మా కొట్లో పూటకో డబ్బా పట్టుకెళ్ళేది. డబ్బుల్లేక ఆ బిళ్ళ తెచ్చింది. సాలూరులో ఎవరో జర్మనీ మిషను దొరసాని వాళ్ళ అవ్వకిచ్చిందట.

గీటురాయి మీద గీస్తే ఎర్రగా పడింది. "ఇది రాగి, పిన్నీ" అని ఇరవై డబ్బాల బేరాన్ని పన్నెండుకు దించాను.

"రాగో, మట్టో! అమ్మేయకు లా, బాబూ. మా ఇద్దర్లో ముందు ఎవులెల్లిపోతే ఆల నుదుటి మీద ఎట్టాల. మావోడికీ తెలుసు ఈ మాట."

చనిపోయినవారి నుదుట నాణెం పెట్టి సాగనంపడం మావాళ్ళ ఆచారం. సరేనన్నాను.

మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, దగ్గరపడి, సామాను సర్దుకుంటున్న తోట దొర ఒకడు కొట్లో దాన్ని చూశాడు. ఏదో చిన్న జర్మన్ సంస్థానానిదట. యుద్ధం వచ్చి, సిపాయిల జీతాలకు వెండి చాలక రాగి కలిపి కొట్టారట. అలాంటివి పోగుచేయడం ఆయన సరదా. ఆయన పది అంటే నేను ఇరవై అన్నాను.

కొట్టుకి కట్టిన కొత్త జెండా ఇంకా దింపలేదు, పిన్నమ్మ వచ్చింది. కొంగుముడిలో ఆరు డాలర్లు.

"ఎల్లిపోనాడు బాబూ. బిళ్ళియ్యి."

గల్లాపెట్టెలోంచి పాత రాజుగారి బొమ్మున్న ఇరవై సెంట్ల వెండి నాణెం తీసిచ్చాను. "డబ్బులొద్దు పిన్నీ. దీన్లో వెండి దానికంటే ఎక్కువ."

అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ రాజు మావోడికి ఏటవుతాడు?" అని బల్ల మీద పెట్టేసింది. ఆరు డాలర్లూ మళ్ళీ కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఉత్త నుదురుతోనే సాగనంపారని తర్వాత విన్నాను.

లెక్క ఇదీ. దొర ఇచ్చింది పదిహేను. పాల డబ్బాలకు ఆరు పోగా లాభం తొమ్మిది. నాలుగు పెట్టి చొక్కా కుట్టించుకున్నాను. మిగతా ఐదూ ఆమెకిద్దామని రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ కంచె గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఆ ఐదూ కొట్లోనే ఖర్చయిపోయాయి.