తాతయ్య నడుముకి ట్యూబు

భయపడటంలో మా తాతయ్యని మించినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఎక్కడైనా పుట్టి ఉంటే, మా తాతయ్య దగ్గర కొన్నాళ్ళు పనిచేసి నేర్చుకోవాల్సిందే.

ఆయన భయమంతా నీళ్ళంటేనే. నడుముకి గాలి నింపిన కారు ట్యూబు లేకుండా గడప దాటడు. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి నేను పంక్చరు షాపు తెరిచాను కాబట్టి, ట్యూబు నాదే, రోజూ పొద్దున్నే పంపు కొట్టేదీ నేనే.

"ఇంకో రెండు కొట్టవే."

"పేలుతుంది తాతయ్యా."

"పేలితే నేల మీదున్నప్పుడే పేలనీ."

స్నానానికీ ట్యూబే. "చెంబుడు నీళ్ళలో ఎవరైనా మునుగుతారా?" అంటే, "మునిగినవాడు వచ్చి చెబుతాడా?" అంటాడు.

ఇలాంటి మనిషి చేసే పని మట్టి తవ్వే యంత్రం నడపడం. ఏటికీ, మా వీధి చివర చిత్తడి నేలకీ మధ్యనున్న కట్టని తెగ్గొట్టమని చెప్పింది కూడా ఆయనకే.

ఎప్పుడో పంటల కోసం వేసిన ఆ కట్ట వల్ల చిత్తడి చచ్చిపోతోంది. జమ్ము ఎండి గలగలమంటోంది. నేల కాలు దిగేంతగా బీటలు వారింది. మిగిలిన ఒక్క మడుగులో చేపలన్నీ నోళ్ళు పైకెత్తి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఏరు ఇప్పుడు నిండుగా ఉంది గానీ, రేపో మాపో తగ్గుతుంది. తగ్గాక కట్ట తెగ్గొట్టినా చుక్క ఇటు రాదు. మళ్ళీ ఏరు నిండేదాకా ఆ చేపలు ఆగవు.

తవ్వే రోజు పొద్దున కుట్టుమిషను మామ్మ కట్ట మీద, సరిగ్గా యంత్రం ముందు, కుర్చీ వేసుకుని కూర్చుంది. చిత్తడి అంచున ఉన్న ఒకే ఒక్క ఇల్లు ఆవిడది.

"నీళ్ళు మీ మెట్టుకి చాలా దూరంలో ఆగిపోతాయి మామ్మగారూ," అని పని చేయించడానికి వచ్చిన ఇంజినీరమ్మ పటం చూపించింది.

"పటంలో ఆగుతాయమ్మా. ఆగకపోతే? నా మోకాళ్ళు పరిగెత్తవు. మిషను ఎవరెత్తుతారు?"

బతిమాలారు. కోప్పడ్డారు. కొందరు నవ్వారు కూడా. ఈలోగా కట్టకి అటువైపు ఏరు అప్పుడే బెత్తెడు దిగింది.

తాతయ్య యంత్రం దిగాడు. తలుపులో ట్యూబు ఇరుక్కుంటే నేనే లాగాను. వెళ్ళి మామ్మ పక్కన మట్టిలో కూర్చున్నాడు.

"నిజంగా వస్తాయంటావా అక్కా?"

"వస్తాయి."

"నాకూ అలాగే ఉంది. నిన్నట్నుంచీ ముద్ద దిగట్లేదు."

ఇంజినీరమ్మ తల పట్టుకుంది.

"ముందు జానెడే తవ్వుతా," అన్నాడు తాతయ్య. "వచ్చి నీ గుమ్మం దగ్గర కాపలా కూర్చుంటా. నీళ్ళు నీ మెట్టు వైపు చూశాయో, పరిగెత్తి పూడ్చేస్తా. వెడల్పు చెయ్యడం ఆ తర్వాతే."

తల మీదుగా ట్యూబు తీసి ఆవిడకి తొడిగాడు. ట్యూబు లేకుండా వీధిలో ఆయన్ని నేనూ అప్పుడే చూడటం. ఇంత బక్క మనిషా అనిపించింది.

మామ్మ ట్యూబుని వేలితో నొక్కి చూసింది. "గాలి బాగానే కొట్టావే," అంది నాతో. ఇంజినీరమ్మ వైపు తిరిగింది. "ఈయన నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఈయనైతే చూపు తిప్పడు. కుర్చీ తీయండి."

తాతయ్య ట్యూబు లేకుండానే యంత్రం ఎక్కి జానెడు తవ్వాడు. ఎర్రనీళ్ళు సన్నగా దిగి బీటల్లోకి పోయి మాయమయ్యాయి. అంతే. నేల తాగుతూనే ఉంది, పైకి ఏమీ కనపడదు. చేపలదాకా అందవేమోనని మా భయం, గుమ్మందాకా అందుతాయేమోనని తాతయ్య భయం. మామ్మ మెట్టు ముందు పుల్ల గుచ్చి, అన్నం కూడా ముట్టకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రానికి మడుగు కదిలింది. మెల్లగా పెద్దదైంది. పుల్ల పొడిగానే ఉంది. అప్పుడు వెళ్ళి కట్టని పూర్తిగా తెగ్గొట్టి, మళ్ళీ వచ్చి పుల్ల దగ్గరే కూర్చున్నాడు.

మర్నాడు షాపుకొచ్చి కొత్త ట్యూబు అడిగాడు.

"మామ్మ తిరిగివ్వలేదా?"

"మిషనుకి తొడిగింది. ఎలా అడగను?"

"తాతయ్యా, నీ అంత ధైర్యస్థుడు లేడని నీ గురించి రాస్తున్నాను."

"తప్పులు రాయకు. పంపు కొట్టు."