లారీ డ్రైవరు మా ఇంట్లోకి పరుగెత్తి వచ్చిన అక్టోబరు ముప్పై ఒకటి

1984లో నేను సిద్దిపేటలో ఒక హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. అదే తేదీన వెనకటి ఏళ్లలో ఏం జరిగిందో రోజూ బోర్డు మూలన రాయడం అలవాటు. అక్టోబరు ముప్పై ఒకటిన పని తేలిక. హైదరాబాద్ సంస్థానాన్ని దేశంలో కలిపిన తొలి హోం మంత్రి పుట్టింది ఆ రోజే. వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక క్రైస్తవ సన్యాసి మతపెద్దలను ప్రశ్నిస్తూ రాసిన కాగితాన్ని చర్చి తలుపుకు కొట్టి, క్రైస్తవం చీలడానికి నాంది పలికాడని చెప్పుకునేదీ ఆ రోజే. "ఒకే తేదీ ఒకచోట కలిపింది, ఇంకోచోట విడదీసింది" అని పిల్లలకు చెప్పి, ఆ మాటకు నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం కబురు వచ్చింది. ప్రధానమంత్రిని ఆమె అంగరక్షకులే కాల్చేశారట. ఆమె మా మెదక్ జిల్లా నుంచే పార్లమెంటుకు గెలిచిన మనిషి. అటెండరు ఏడుస్తూ గంట కొట్టాడు. "కాల్చినోళ్లు సర్దార్జీలంట సారూ" అన్నాడు.

ఇంటికి నడుస్తుంటే కరీంనగర్ రోడ్డు మీద దుకాణాల షట్టర్లు ఒకటొకటే దిగుతున్నాయి. నడిరోడ్డున ఒక లారీని ఆపారు. తలపాగా కట్టుకున్న సిక్కు డ్రైవరును కిందికి గుంజి కొడుతున్నారు. తలపాగా ఊడి, పొడుగాటి జుట్టు విడిపోయింది. ఒకడు ఆ జుట్టు పట్టుకుని ఈడుస్తున్నాడు. గుంపులో మా గల్లీ చివరి బట్టల దుకాణం ఆయన కనబడ్డాడు. దసరాకు నా చొక్కా గుడ్డ కొలిచి ఇచ్చింది ఆయనే. ఇప్పుడు చేతిలో షట్టరు లాగే ఇనుప కడ్డీ ఉంది. నేను తల దించుకుని గల్లీలోకి తిరిగాను.

నేను కిరాయికి ఉన్న ఇంటామె బీడీలు చుట్టి బతికే మనిషి. పిల్లలు లేరు, మగడు పోయాడు. నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. అరుగు మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నేను చెప్పులు విడిచానో లేదో, ఆ డ్రైవరు గుంపును విడిపించుకుని పరుగెత్తుకొచ్చి చాట మీద పడ్డాడు. చెవి తెగి వేలాడుతోంది. "మా, బచాలో" అన్నాడు, కాపాడమని.

"అవ్వా, వెనక దర్వాజ తీయి, అటు నుంచి పంపిద్దాం" అన్నాను.

"గీ నెత్తురుతోని యాడికి పోతడు సారూ?" అని అవ్వ అతణ్ణి లోపలి అర్రలోకి నెట్టి, రోకలి పట్టుకుని గడపలో నిలబడింది.

గుంపు వచ్చింది. "ముసలమ్మా, వాన్ని బయటికి పంపు. మన అమ్మను సంపిన్రు."

"సంపినోళ్లు ఢిల్లీల ఉన్నరు. వీడు లారీ నడుపుకుంట వచ్చిండు. పోన్రి."

ఒక రాయి వచ్చి ఆమె భుజానికి తగిలింది. ఆమె కదల్లేదు. బట్టల దుకాణం ఆయన కడ్డీ ఎత్తి అరుగెక్కాడు. నేను ఎప్పుడు మధ్యలోకి వెళ్లానో నాకు తెలియదు. కడ్డీ నా మణికట్టు మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు నాకే వినబడింది. మరుక్షణం అవ్వ రోకలితో ఆయన మోకాలి మీద కొట్టింది. ఆయన కూలబడ్డాడు. గుంపు వెనక్కి జరిగి, ఇంటి పెంకుల మీద రాళ్లు రువ్వింది. పోలీసు జీపు వచ్చేదాకా పెంకులు పగులుతూనే ఉన్నాయి.

దవాఖానలో డ్రైవరుది నా పక్క మంచమే. రెండు పక్కటెముకలు విరిగాయి. రోడ్డు మీద లారీని కాల్చేశారు. ఐదో రోజున పోలీసులు అతణ్ణి హైదరాబాద్‌లోని బంధువుల దగ్గరికి తీసుకెళ్లారు. వెళ్లేముందు అవ్వ కాళ్లకు మొక్కాడు. ఆమె జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చింది. మళ్లీ అతని కబురు తెలియలేదు.

ఎవరు కొట్టారని పోలీసులు అడిగితే, గుంపులో చూడలేదన్నాను. రోజూ ఆ దుకాణం ముందు నుంచే బడికి వెళ్లాలి కదా. అవ్వ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మూడు వారాలకు బట్టల దుకాణం ఆయన కుంటుకుంటూ వచ్చాడు, చేతిలో బత్తాయిల సంచి. "గా లొల్లిల ఎవలు కొట్టిన్రో ఏమో. చెయ్యి బాగయిందా సారూ?"

"కొట్టింది నువ్వే" అన్నాను.

ఆయన తల దించుకున్నాడు. "మిమ్ములను కొట్టాలనుకోలే సారూ. మీరు అడ్డమొచ్చిన్రు. నేను కొట్టవోయింది వాన్ని."

"వాన్నయితే కొట్టచ్చునా?" అంది లోపలి నుంచి అవ్వ.

ఆయన సంచి అరుగు మీదే వదిలి వెళ్లాడు. మర్నాడు అవ్వా నేనూ ఠాణాకు వెళ్లాం. అప్పటికి నా కుడిచెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. జరిగింది నేను చెబుతుంటే జవాను రాసుకున్నాడు. చివర్న నేను ఎడమ చేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాను, అవ్వ వేలిముద్ర వేసింది.